చందమామలకు సంబంధం కావాలి

మా దుమ్ముగూడెం వైపు తునికాకుకు ఉన్న గిరాకీ కాగితానికి లేదు. ఎకసెక్కం కాదు, లెక్కే చెబుతున్నా. యాభై ఆకులు పేర్చి కడితే కట్ట, వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక సంచి. వేసవి వచ్చిందంటే కొనేవాడు కల్లంలోకే వచ్చి లెక్క రాసుకుంటాడు. మా అటక మీదా ఆకులే ఉన్నాయి, కాకపోతే అచ్చేసినవి: చందమామలు, బొమ్మరిల్లులు, బాలమిత్రలు, విజయచిత్రలు. వీటికే సంబంధం కుదిరి చావడం లేదు.

వంశానికి వంక పెట్టలేరు. చందమామ పుట్టింది 1947 జూలైలో. కన్నవారు నాగిరెడ్డి, చక్రపాణి. పెంచి పెద్దచేసింది కొడవటిగంటి కుటుంబరావు. ముస్తాబు చేసింది చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్. ఏ పెళ్లిళ్ల పేరయ్య ఇంతకన్నా మంచి ఇల్లు చూపిస్తాడు? ఫోన్లో ఎవరికి చెప్పినా "అబ్బో, అది మామూలు సంపద కాదండీ!" అంటారు. "అయితే తీసుకెళ్తారా?" అనగానే సిగ్నల్ పోతుంది. మా వైపు సిగ్నల్ ఎప్పుడూ అంతంతమాత్రమే గనక వాళ్లని అనుమానించడానికీ వీల్లేదు.

మొదట ఒక గ్రంథాలయాన్ని అడిగాం. నెల, సంవత్సరం వారీగా జాబితా మూడు ప్రతులు కావాలన్నారు. రాసిచ్చాం. అప్పుడు కట్నం సంగతి బయటికొచ్చింది: "బీరువాలు కూడా మీరే ఇస్తారు కదా?" బల్లల నిండా గ్రూప్స్ పరీక్షల కుర్రాళ్లు. ఒకడు తలెత్తి, "చందమామ నుంచి బిట్లొస్తాయా అంకుల్?" అనడిగాడు. రావని తెలిసి మళ్లీ తల దించేశాడు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం గనక అడిగే హక్కు మనకుంది, పెట్టుకునే చోటే వాళ్లకి లేదు.

తర్వాత బంధువుల కుర్రాడొకడు ఉత్సాహంగా వచ్చాడు. "అన్నీ స్కాన్ చేసేస్తా బాబాయ్. వెన్ను కోసేస్తే మెషిన్ గబగబా లాగేస్తుంది."

"కోశాక?"

"కోశాక వాటితో మనకేం పని?"

పాత కాగితాల వ్యాపారి నయం. వంశం అడగలేదు, జాబితా అడగలేదు. మూట విప్పి బొటనవేలితో కాగితం రుద్ది చూశాడు. చందమామలని ఇటు, విజయచిత్రలని అటు వేశాడు. "ఈ నున్న కాగితం నూనె పీల్చదండీ, బజ్జీలకి పనికిరాదు" అన్నాడు. 1966లో మొదలైన విజయచిత్రపై ఇంత నిక్కచ్చి సమీక్ష ఇంతవరకూ రాలేదు.

కుదిరిన సంబంధాలు లేవా అంటే ఉన్నాయి. తమిళనాడు కోట్టైయూరులో సైన్‌బోర్డులు రాసే రోజా ముత్తయ్య చెట్టియార్ లక్ష దాకా పుస్తకాలూ పత్రికలూ పోగేశాడు. ఆయన 1992లో పోయాక చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణ కొని, 1994లో మద్రాసులోనే గ్రంథాలయంగా నిలబెట్టింది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ ఉర్దూ సేకరణనీ అమెరికా విశ్వవిద్యాలయాలే ఆదుకున్నాయి. అదిప్పుడు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉంది. ఎంతైనా మనకి అమెరికా సంబంధమైతేనే కుదురుతుంది! అయినా నీటి గండం తప్పలేదు. 2000 ఆగస్టు వరద ఆ కేంద్రంలోకీ వచ్చింది.

మా దగ్గరైతే ఏ షరతూ పెట్టకుండా ఇంటిదాకా వచ్చేది గోదారి ఒక్కటే. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. మొన్నటి వరదకి ట్రాక్టరులోకి గ్యాస్ బండ ఎక్కింది, బియ్యం ఎక్కింది, మేకలెక్కాయి. నేను పత్రికల మూట ఎత్తబోతే ఇంట్లోవాళ్లు చూసిన చూపుకి మూట తిరిగి అటకెక్కింది.

అందుకే ఈ ప్రకటన. కట్నం ఇవ్వలేం, బీరువా పెట్టలేం. కొన్నింటికి మధ్య పేజీలు లేవు. కొందరు రాజకుమార్తెలకు మా తమ్ముడు చిన్నప్పుడు పెన్నుతో మీసాలు దిద్దాడు. సర్దుకుపోవాలి. "నేను పుట్టిన నెల సంచిక ఒక్కటివ్వండి, ఫ్రేము కట్టించుకుంటా" అనేవారు దయచేసి రావద్దు. ఇస్తే అన్నీ కలిపే ఇస్తాం. వచ్చేవారు జూలై లోపే రండి. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక జారీ చేస్తారు. ఆ తర్వాత పుస్తకాలకి ట్రాక్టరు ఎవరూ ఇవ్వరు.