రెండో గరిటె

తలనొప్పిగా ఉందని మనవాళ్లలో ఎవరితోనైనా అని చూడండి. ఎప్పట్నుంచి, ఎటువైపు అని అడిగే నాథుడుండడు. శొంఠి అరగదీసి పట్టు వేయమనేవారొకరు, కళ్లద్దాలు మార్చమనేవారొకరు, ‘అంతా ఆ ఫోన్ వల్లే’ అని కేసు కొట్టేసేవారు మరొకరు. ఇలాంటి జాతిలో పుట్టి, హైదరాబాదులో ఎంటెక్‌లో చేరి, ‘డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్’ అనే కోర్సు తీసుకున్నాను. మొదటి రోజే సారు షరతు పెట్టారు: సమస్య అర్థమయ్యేదాకా ఎవరూ పరిష్కారం చెప్పకూడదు. క్లాసంతా ఊపిరాడక అల్లాడిపోయింది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు డి.స్కూల్ ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి ఐదు మెట్లు. వాడేవాళ్ల కష్టం తెలుసుకోవాలి. సమస్యేమిటో ఒక్క వాక్యంలో తేల్చాలి. ఆలోచనలు కుప్పపోయాలి. చవగ్గా ఓ నమూనా చేయాలి. దాన్ని వాడేవాళ్ల చేతికే ఇచ్చి చూడాలి. ఇందులో మూడోది మనకు వెన్నతో పెట్టిన విద్య. కాగితాన్ని ఎనిమిది గళ్లొచ్చేలా మడిచి ఎనిమిది నిమిషాల్లో ఎనిమిది ఆలోచనలు గీయమంటే, మావాళ్లు కాగితం వెనకవైపు కూడా నింపేశారు. చిక్కల్లా మొదటి మెట్టుతోనే.

‘త్వరగా ఫెయిలవ్వండి’ అన్నది ఈ విద్యలో మరో సూక్తి. సప్లీ ఫీజుల కోసం ఇంట్లో కథలల్లిన బీటెక్ రోజుల్లో ఈ సూక్తి మా నాన్నగారి చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది! మేము గోడలనిండా అతికించే పసుపు చీటీలే దీనికి సాక్ష్యమట. 1968లో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చేయబోతే, పట్టీ పట్టని జిగురొకటి తయారైంది. ఏళ్ల తరబడి దానికి పని దొరకలేదు. అదే కంపెనీలో ఆర్ట్ ఫ్రై అనే ఆయన చర్చిలో పాటలు పాడేవాడు. పాటల పుస్తకంలో పెట్టుకున్న గుర్తు చీటీలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురును తలుచుకున్నాడు. 1980లో పోస్ట్-ఇట్ అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది. మా బీటెక్ ల్యాబులోనూ పనిచేయని సరుకు పుష్కలంగా తయారైంది గానీ, పాటలు పాడే ఆసామీ ఎవరూ తగల్లేదు.

మొదటి మెట్టు ఎలా ఎక్కాలో చెప్పడానికి సారు ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి కథ ఎత్తుకున్నారు. ఆరో తరగతితో చదువు ఆగిన మనిషి. చీరకు ఆసు పోయాలంటే నూలును మేకుల చుట్టూ వేలసార్లు తిప్పాలి. పొద్దుగూకేసరికి తల్లి లక్ష్మి గారికి భుజం లాగేసేది. అది చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ‘ఆయన ఎన్ని చీటీలు అతికించి ఉంటారంటారు?’ అని సారు అడిగితే, గోడకు అంటించబోతున్న చీటీ మా జట్టు లీడరు వేలికే అంటుకుపోయింది.

మా జట్టు ఎంచుకున్న సమస్య హాస్టల్ మెస్‌లో క్యూ. యాప్ అప్పటికే సిద్ధం: పేరు, లోగో, టోకెన్లు, ముందుగా తినేవాళ్లకు రివార్డు పాయింట్లు. సారు కళ్లజోడు పైకెత్తి, ‘ముందు వెళ్లి అక్కడ నిలబడండి’ అన్నారు. నిలబడ్డాం. వడ్డించే ఆవిడను లీడరు అడిగాడు.

‘అక్కా, లైను ఎందుకు కదలట్లేదు?’

‘పెరుగు కాడ గంటె ఒక్కటే ఉన్నది తమ్మీ. అందరు ఆడనే ఆగుతరు. దినాం తిని పోతరు గానీ, ఒక్కడన్న అడిగిండా?’

బేగంబజారు వెళ్లి ఓ స్టీలు గరిటె కొనుక్కొచ్చాం. నమూనా, తుది ఉత్పత్తి రెండూ అదే. ఆ రాత్రి క్యూ పెరుగు దగ్గర ఆగకుండా సాగిపోయింది. అక్క మాత్రం, ‘సాంబారు కాడికి గూడ తెస్తరా?’ అని కొత్త ఆర్డరు పెట్టింది.

చివరి రోజు బయటినుంచి వచ్చిన జడ్జీల ముందు గరిటెను బల్లమీద పెట్టాం. మా పక్క జట్టు అప్పుడే డ్రోన్‌తో అన్నం పంపే పథకం చూపించి చప్పట్లు కొట్టించుకుంది. జడ్జీలు మా గరిటెను అటూ ఇటూ తిప్పి చూశారు. ఇందులో ఏఐ ఎక్కడుందని ఒకరు, పేటెంటు సంగతేమిటని ఇంకొకరు ఆరాతీశారు. మూడో ఆయన కుర్చీలో ముందుకు జరిగి గంభీరంగా అడిగారు.

‘అంతా బాగానే ఉంది. మరి దీన్ని స్కేల్ చేయడమెలా?’

లీడరు తడుముకోలేదు. ‘మూడో గరిటె కొంటాం సార్.’