దయ్యం వదిలితే ఎవరి ఆదాయం పోయింది?

గుంటూరు శంకర్ విలాస్ సెంటర్ దగ్గర దిగి బ్రాడీపేట లైన్లలోకి నడిస్తే, ర్యాంకుల ఫ్లెక్సీలకూ లేడీస్ హాస్టల్ బోర్డులకూ నడుమ సాతాను ఓడిపోయిన వార్త తరచు కనబడుతుంది. మూడు రోజుల ఉపవాస కూడికలు, చేతబడి కట్ల నుంచి సంపూర్ణ విడుదల, ప్రార్థించిన నూనె ఉచితం, కానుకలకు కింద స్కానర్. దైవజనుడు కోటు వేసుకుని నిలువెత్తున ఉంటాడు. సిలువ ఉంటే ఎక్కడో మూలన, తపాలా బిళ్ళంత. పక్కనున్న కోచింగ్ సెంటరు వాళ్ళు కనీసం ర్యాంకు కొట్టిన పిల్లాడి హాల్ టికెట్ నంబరు వేస్తారు. ఓడిన దయ్యానికి ఆ పాటి ఆధారం కూడా ఉండదు. అయినా దయ్యాలు ఉన్నాయా లేవా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. ఉన్నాయనే అనుకుందాం. వాటిని వెళ్ళగొట్టే అధికారం క్రీస్తు తన శిష్యులకు ఇచ్చాడనీ ఒప్పుకుందాం. సువార్తల్లో ఆ మాట ఉంది. అన్నీ ఒప్పుకున్నాక ఒక్క లెక్క మాత్రం అడగాలి. దయ్యం వదిలిన తర్వాత ఎవరి ఆదాయం పెరిగింది, ఎవరి ఆదాయం పడిపోయింది?

స్టేజి ఎక్కే దయ్యాలకు కొన్ని అలవాట్లున్నాయి. అవి ఎక్కువగా ఆడవాళ్ళనే పడతాయి. అందులోనూ మిరప కోతలకు పోయేవాళ్ళను, పత్తి తీతకు పోయేవాళ్ళను, మొగుడు తాగొచ్చి కొట్టేవాళ్ళను, కడుపు పండలేదని అత్తింట మాటలు పడేవాళ్ళను. తూకంలో కోతపెట్టే వ్యాపారి ఊగిపోతూ మైకు ముందు కూలబడటం ఎవరూ చూసి ఉండరు. కల్తీ పురుగుమందు అంటగట్టినవాడి ఒంట్లోకి, నూటికి ఐదు రూపాయల వడ్డీ గుంజేవాడి ఒంట్లోకి దయ్యం ఎందుకో దూరదు; దశమభాగం బరువుగా ఇచ్చేవాడి గడప అసలే తొక్కదు. 1987-88లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పొలానికి కొట్టాల్సిన మందే తాగి చనిపోయారు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను ఊడ్చేసి కౌలు రైతుల్ని అప్పుల్లోకి తోసింది. ఇంత చెడుగు ఈ నల్లరేగడి మీద తిరుగుతుంటే, మైకులో బంధించబడేది మాత్రం తోడికోడలు గుమ్మంలో పెట్టిందంటున్న నిమ్మకాయ.

ఆ తోడికోడలి సంగతి నవ్వులాట కాదు. దయ్యాన్ని మైకులో ఇంటర్వ్యూ చేయడం ఈ కూడికల్లో రివాజు. ఎక్కడినుంచి వచ్చావు, ఎవరు పంపారు అని గద్దిస్తారు. ఊగుతున్న మనిషి ఏదో ఒక పేరు చెబుతుంది. ఆ పేరు దయ్యానిది అయితే గొడవ లేదు, సాధారణంగా అది ఆడపడుచుదో పక్కింటి ముసలమ్మదో అవుతుంది. సభ అయిపోయి దైవజనుడు ఊరు దాటుతాడు. పేరు పడ్డ ముసలమ్మ ఆ వీధిలోనే బతకాలి. చేతబడి అనుమానంతో తెలుగు పల్లెల్లో మనుషుల్ని కొట్టిన, చంపిన కేసులు పోలీసు స్టేషన్లకు కొత్త కాదు. ఇక జబ్బుల విషయానికొస్తే, మంత్రంతోనో తాయెత్తుతోనో ఫలానా రోగం నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ చట్టం జాబితాలో మూర్ఛ ఉంది. మూర్ఛను దురాత్మ అని నమ్మించి మాత్రలు పక్కన పెట్టిస్తే ఏమవుతుందో ఏ డాక్టరైనా చెబుతాడు: హఠాత్తుగా మందు ఆపితే ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చి ప్రాణం మీదికొస్తుంది. దయ్యానికి పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఆ లెక్కను వాళ్ళ పుస్తకంతోనే సరిచూద్దాం. గెరాసేనుల దేశంలో సేన అనే పేరుగల దయ్యాలు ఒక మనిషిని వదిలి పందుల మందలో దూరాయి. రెండు వేల పందులు సముద్రంలో పడి చచ్చాయి. సమాధుల్లో ఉన్నవాడు బట్టలు కట్టుకుని, బుద్ధిగా కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చి చూసి, ఇంకో మూడు రోజులు సభలు పెట్టమని అడగలేదు. మా పొలిమేర దాటి వెళ్ళిపొమ్మని బతిమాలుకున్నారు. వాళ్ళు మనిషినీ చూశారు, పందుల ఖరీదూ లెక్కేశారు. ఫిలిప్పీలో సోదె చెప్పి యజమానులకు డబ్బు తెచ్చిపెట్టే పనిపిల్లను పౌలు విడిపించాడు. వెంటనే ఆ యజమానులకు వచ్చిన అనుమానం ఒక్కటే, రేపటినుంచి రాబడి ఎలా? సాయంత్రానికి పౌలు వీపు మీద బెత్తం దెబ్బలు, కాళ్ళకు బొండ. ఎఫెసులో మాంత్రికులు తమ పుస్తకాలు తెచ్చి తగలబెట్టారు, విలువ యాభై వేల వెండి నాణేలు. ఆ తర్వాత అర్తెమి దేవి వెండి గుళ్ళు చేసే దేమేత్రి తన పనివాళ్ళను పోగేసి, బేరం దెబ్బతింటోందని ఊళ్ళో అల్లరి లేపాడు. మూడుచోట్లా చెడుకు డబ్బుతో పొత్తుంది. చెడు పోయినప్పుడల్లా డబ్బున్నవాడు అరిచాడు. వెళ్ళగొట్టినవాడికి దక్కింది వెలి, జైలు, అల్లరిమూక.

అదే గ్రంథంలో దీనికి తలకిందులైన ఉదాహరణా ఉంది. సమరయలో గారడీ సీమోను అపొస్తలుల అధికారం చూసి ముచ్చటపడి, డబ్బిస్తాను నాకూ కొంచెం ఇవ్వండన్నాడు. పేతురు అతణ్ణి చెడామడా తిట్టాడు. ఈ రోజుల్లో అయితే పార్ట్‌నర్‌షిప్ ఫారం చేతికిచ్చేవాళ్ళు. స్కెవ కొడుకులు ఏడుగురు, సొంత పరిచయం లేని పేరుతో దయ్యాన్ని గద్దించబోతే, అది మీరెవరని అడిగి, బట్టలూడేలా తన్ని తరిమింది. మన ఫ్లెక్సీ దైవజనులు ఆ అధ్యాయం మీద ప్రసంగించడం అరుదు.

బైబిలు కాలం వేరు, మన కాలం వేరు అనేవాళ్ళుంటారు. సరే, మన నేల మీదికే వద్దాం. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒక పాఠశాల పెట్టాడు. పై కులాల పిల్లలు చేరారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడి వెంట మాదిగలు క్రైస్తవంలోకి రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్ళు కబురంపారు. బడి ఖాళీ అయింది, పలుకుబడి పోయింది, క్లౌ మాదిగల్ని వదల్లేదు. ఆ మాదిగలు పండగలకు డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం వెట్టికి రాం అన్నారు. ఊరి పెద్దలు బావులు మూశారు, పనులు ఆపారు. నూటయాభై ఏళ్ళ కింద ఈ జిల్లాల్లో నిజంగా వదిలిన దయ్యం ఆ వెట్టే, ఎవరి రాబడి పడిపోయిందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ధాత కరువులో అదే క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. గంజి కోసం కలిశారన్న మాట రాకుండా, కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చారు. కానుక కవరు చేతిలో పడ్డాకే తలమీద చెయ్యి వేసేవాళ్ళు ఈ వరస క్రమాన్ని ఓసారి పరిశీలించవచ్చు.

ఇక గుంటూరు. 1842లో హయర్ దొర దిగిన ఊరు ఇది. ఆయన మిషను నుంచి పెరిగిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది, దాని కేంద్ర కార్యాలయం ఈ బ్రాడీపేటలోనే ఉంది. 1883లో అన్నా కుగ్లర్ అనే ఆవిడ వచ్చింది. వైద్య పట్టా ఉన్నా మిషను బోర్డు ఆమెను వైద్యానికి పంపలేదు, బోధన పనికి పంపింది. ఆమె మొండికేసి వైద్యమే చేసింది. 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఈ ఊరు వదల్లేదు. పురిటి గదిలోంచి చావును బయటికి నెట్టే అధికారం ఎలా ఉంటుందో గుంటూరు అప్పుడే చూసింది. దానివల్ల ఆదాయం పోయినవాళ్ళెవరైనా ఉంటే తాయెత్తులు కట్టేవాళ్ళే. అంతటి వారసత్వం ఉన్న సంఘం తర్వాతి రోజుల్లో పదవుల కోసం కోర్టు మెట్లెక్కి దిగడంలో అలసిపోవడం వేరే విషాదం. ఆ ఖాళీలోనే కోటు దైవజనులు కుర్చీ వేసుకున్నారన్నది నా అనుమానం.

ఆ కుర్చీలోంచి ఎవరూ గద్దించని దయ్యం ఒకటుంది. 1985 జూలై 17న కారంచేడులో, చెరువు నీళ్ళు పాడుచేయొద్దన్న పాపానికి మాదిగలను వెంటాడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలువల్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ రెండు ఊళ్ళ దళితవాడల్లోనూ క్రైస్తవులున్నారు. చెడు ఇంత స్పష్టంగా, పట్టపగలు, ఊరి పేరుతో సహా కనిపించిన సందర్భం ఈ మైదానాల్లో ఇంకొకటి లేదు. పెద్ద వీధుల్లో షామియానా వేసి, కులం దయ్యాన్ని పేరు పెట్టి పిలిచి, ఎవరు పంపారని గద్దించే కూడిక ఫ్లెక్సీ మాత్రం ఇంకా అచ్చు కావాల్సే ఉంది. అచ్చయితే మొదట ఉలిక్కిపడేది సభ నిర్వాహకులే కావచ్చు. క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూడండి, రక్షణ పొందిన వధువుకు రక్షణ పొందిన వరుడు కావాలంటూనే పక్కన కులం పేరు ఉంటుంది. బాప్తిస్మపు నీళ్ళలో మునిగినా తడవని ఆత్మ అది.

దీనికి వచ్చే జవాబుల్లో బలమైనది ఒకటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఏడ్చి, ఊగి, అరిచిన ఆడమనిషి ఇంటికి తేలిగ్గా వెళుతుంది కదా, ఆ ఊరట అబద్ధమా? అబద్ధం కాదు. వారమంతా నోరెత్తనివ్వని ఇంట్లోంచి వచ్చిన మనిషికి, గంటసేపు నిండు హాలు తన కేక విని జడుసుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ కేక వెనకున్న మొగుణ్ణి స్టేజి మీదికి ఎవరూ పిలవరు. ఆమె జుట్టులో దయ్యం వెతికే చేతులు అతని జేబులో సీసాను వెతకవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళే ఆడవాళ్ళు ఆ దయ్యాన్ని సరిగ్గా గుర్తుపట్టి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. నూనె సీసా లేదు, మైకు లేదు. సారా పాటలు పాడుకున్న కాంట్రాక్టర్లకూ ఎక్సైజు ఖజానాకూ మాత్రం రాబడి పోయింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధమూ వచ్చింది, రెండేళ్ళకే ఖజానా బేర్‌మనడంతో సడలింది. దయ్యం ఎవరి ఖర్చుతో తిరిగొచ్చిందో తేలింది.

బాబాలనూ మంత్రగాళ్ళనూ వదిలేసి పాస్టర్ల మీదే ఎందుకీ కక్ష అనీ అడుగుతారు. వ్యాపారం ఒకటే, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే వాళ్ళెవరూ రాత్రి తల వాల్చుకోవడానికి చోటులేని వడ్రంగి పేరు మీద కారు కొనలేదు. ఇంకో సంగతి, ఈ మాటలు పల్లెల్లో రేకుల షెడ్డు కింద ప్రార్థన నడిపే పాస్టర్ల గురించి కాదు. కోవిడ్ మూసివేతలో ప్రభుత్వం అర్చకులకూ ఇమాములకూ పాస్టర్లకూ తలా ఐదువేలిచ్చినప్పుడు, ఆ డబ్బుతో బియ్యం కొనుక్కున్నది అలాంటివాళ్ళే. అదే కాలంలో స్వస్థత స్టేజీలన్నీ దీపాలార్పి కూర్చున్నాయి. గుంటూరు జీజీహెచ్ ఆస్పత్రి వార్డుల్లో మాస్కు కట్టుకున్న నర్సులకు అంతటి అధికారం ఉందని ఎవరూ ప్రకటించలేదు.

చివరికి కోటు దైవజనులు తీసే అస్త్రం ఎఫెసీయుల పత్రిక. మా పోరాటం మనుషులతో కాదు, కనిపించని శక్తులతో, రాజకీయాలు మాకెందుకంటారు. ఆ పత్రిక రాసినవాడు సంకెళ్ళలో ఉండి రాశాడని అదే అధ్యాయం చెబుతోంది. గాలితో మాత్రమే పోట్లాడేవాణ్ణి గొలుసులతో కట్టే ఓపిక రోమా ప్రభుత్వానికి ఉండి ఉండదు. కనిపించని శక్తులు ఎక్కడ మకాం పెడతాయో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లా పల్లెలో ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని 2021లో ఫిర్యాదు చేశాడు. 2025లో హైకోర్టు, క్రైస్తవంలోకి వెళ్ళినవాడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు, కాబట్టి అట్రాసిటీ చట్టం వర్తించదంటూ కేసు కొట్టేసింది. దాని వెనకున్నది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ చోటు దొరికింది. క్రైస్తవ దళితులు బయటే ఉన్నారు. కొట్టినవాడికి అతని కులం తెలుసు, కాగితానికి తెలియదు. ఆ కాగితాన్ని బంధించడానికి నూనె చాలదు. ఏళ్ళ తరబడి పిటిషన్లు వేయాలి, ఢిల్లీ తిరగాలి, సెక్రటేరియట్ క్రిస్మస్ విందులో ముందు వరస కుర్చీ వదులుకోవాల్సి రావచ్చు.