నైతిక విలువల పరీక్షలో చీటీ

ఇంటర్మీడియట్‌లో ఏళ్ల తరబడి నడిచిన ఒక పరీక్ష ఉంది. దాని మార్కులు ఎందులోనూ కలవవు, కానీ అది గట్టెక్కకపోతే సర్టిఫికెట్ చేతికి రాదు. పేరు 'ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్'. తెలుగులో చెప్పాలంటే నైతికత, మానవ విలువలు. ఓసారి ఆ పరీక్షకు ఇన్విజిలేషన్ చేస్తుంటే మూడో వరసలో ఒక కుర్రాడి అరచేతి కింద చీటీ కనబడింది. అగ్గిపెట్టెలో సగం కాగితం, చీమతలకాయంత అక్షరాలు. జిరాక్స్ షాపులో "మైక్రోనా, మామూలా?" అని అడుగుతారే, ఆ మైక్రో. కళ్లజోడు సర్దుకుని చదివాను. 'నిజాయితీ: నిర్వచనం, ఆవశ్యకత, నాలుగు లాభాలు.'

"ఏంట్రా ఇది?" అన్నాను.

"మిగతావన్నీ వచ్చు సార్. నిజాయితీ ఒక్కటే గుర్తుండట్లేదు" అన్నాడు. వాడి మొహంలో వెటకారం లేదు. నిజంగానే బాధపడుతున్నాడు.

చీటీ పట్టుకెళ్లి డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ ముందు పెట్టాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే చదివి, "వదిలెయ్యండి మాస్టారూ, ఎథిక్సే కదా, ఏమన్నా ఫిజిక్సా?" అన్నారు.

రిటైరై ఇన్నేళ్లయ్యాక ఆ చీటీ మళ్లీ గుర్తుకు రావడానికి కారణం, కిందటేడు ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు నన్ను సభకు పిలవడం. పేరెందుకు లెండి, ఏ ఊరి పేరు పెట్టినా సరిపోతుంది. వేదిక మీద చెవికి మైకు తగిలించుకున్న ఒక ప్రేరణ వక్త ఉన్నారు. జర్మనీ, టర్కీ యూనివర్సిటీ విద్యార్థుల మీద 2020లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పారు. తనకు న్యాయం జరుగుతుందని నమ్మే విద్యార్థి సంతోషంగా ఉంటాడట, కాపీ కూడా తక్కువ కొడతాడట. ఇంతవరకూ చెప్పి, వక్తగారు గొంతు పెంచి, "కాబట్టి మన పిల్లల్లో ఏం నింపాలి?" అని అడిగారు. "నమ్మకం!" అంది హాలు. ప్రిన్సిపాల్ గారి మొహం వెలిగింది. ఎందుకు వెలగదు? న్యాయం చెయ్యాలంటే ఖర్చవుతుంది. నమ్మకానికి ఒక ఫ్లెక్సీ, ఒక మైకు చాలు.

ఆ వారం నుంచే టైంటేబుల్లో శనివారం ఆఖరి పీరియడ్ 'నమ్మకం' అయిపోయింది. అంతకుముందు ఆ గంటలో పిల్లలు ఆడుకునేవారు.

ఆ పరిశోధనతో నాకు పేచీ లేదు. కాపీ కొట్టేవాణ్ని 'నువ్వెన్నిసార్లు కాపీ కొట్టావు?' అని కాగితం మీద అడిగి, వాడు రాసిందే లెక్కలోకి తీసుకోవడంలో కొంత అమాయకత్వం ఉంది గానీ, ఆ పనిచేసే పెద్దలకు ఆ ఇబ్బంది నాకంటే బాగా తెలుసు. వాళ్లు చెప్పినదాంట్లో మూడు ముక్కలున్నాయి. ఒక కొసన నమ్మకం, ఇంకో కొసన కాపీ కొట్టకపోవడం, సంతోషం. మధ్యలో, మా అధ్యాపకులు మమ్మల్ని న్యాయంగా చూస్తున్నారన్న అనుభవం. రెండు కొసల్నీ కలిపేది ఆ మధ్య ముక్కే. మనవాళ్లు రెండు కొసలూ ఫ్లెక్సీ మీద అచ్చువేయించి, మధ్య ముక్క కత్తిరించి పారేశారు. పెళ్లికొడుకుని విడిదిలో వదిలేసి మేళాన్ని ఊరేగించినట్టుంది వ్యవహారం.

ఆ కాలేజీలోనే మధ్య ముక్క ఎలా ఉందో చూద్దాం. కిందటేడు మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొడతారు. పై సెక్షనుకి ఏసీ గది, పేరున్న లెక్చరర్లు, వారానికో టెస్టు, తప్పు రాస్తే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే ఓపిక. కింది సెక్షనుకి నిరుడే డిగ్రీ పూర్తిచేసిన ఓ కుర్ర లెక్చరరు, రేకుల షెడ్డు, ఫీజు మాత్రం అదే. పై సెక్షను ఫొటోలు పేపర్లో వేయించే ఖర్చు కింది సెక్షను కట్టిన ఫీజులోంచే వస్తుంది. ఇప్పుడు రెండు సెక్షన్లకీ వెళ్లి 'నీకు న్యాయం జరుగుతుందని నమ్ముతున్నావా?' అని అడగండి. ఏసీ గదిలో అందరూ నమ్ముతారు, వాళ్లు కాపీ కూడా కొట్టరు, కొట్టే అవసరం లేదు. అప్పుడు నమ్మకం వల్ల నిజాయితీ వచ్చిందా, ఏసీ వల్ల రెండూ వచ్చాయా? ఈ ప్రశ్న ఆ సభలో అడుగుదామనుకున్నాను. నాకు శాలువా కప్పే టైమైంది.

ప్రాక్టికల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పిపెట్ ఏ చివర పట్టుకోవాలో తెలియని పిల్లాడికి కూడా 30కి 30. ల్యాబ్ తాళం పరీక్షకు రెండు రోజుల ముందు తీస్తారు. రికార్డులు డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్లు కాలేజీ గేటు ఎదురుగానే ఉంటారు. ఎగ్జామినర్ గారి మర్యాదల కోసమని తలా ఇంత వసూలు చేస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో దొంగతనం ఎక్కడుంది అని వెతికితే ఎవరూ దొరకరు, ఎందుకంటే అందరూ ఉన్నారు. అదే పిల్లాడు నెల తర్వాత థియరీ పరీక్షలో సాక్సులో చీటీ పెట్టుకుంటే మాత్రం అది మాల్‌ప్రాక్టీస్. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచీ దానికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. మొదటిదానికి వాడి చేత మనమే డబ్బు కట్టించాం, రెండోదానికి వాణ్ని డిబార్ చేస్తాం. ఈ తేడా ఏమిటో వాడికి అర్థం కాకపోతే శనివారం పీరియడ్లో వివరిస్తారు.

ఆ పీరియడ్ మొదలయ్యేది ప్రతిజ్ఞతో. 'నేను కాపీ కొట్టను' అని కుడిచెయ్యి చాచి ముక్తకంఠంతో చెప్పాలి. తర్వాత ప్రతి ఆన్సర్ షీటు మీదా పైభాగంలో అదే వాక్యం రాసి సంతకం పెట్టాలి. దీనికీ విదేశీ ఆధారం ఉందని వక్తగారు సెలవిచ్చారు. సంతకం అడుగున కాకుండా పైన పెట్టిస్తే జనం అబద్ధాలు తక్కువ చెబుతారని 2012లో అమెరికాలో ఒక పేరున్న పత్రికలో వ్యాసం వచ్చిన మాట నిజమే. ఆయన చెప్పకుండా వదిలేసిన మిగతా సగం ఏమిటంటే, అందులోని కారు బీమా లెక్కలు కల్పితమని తేలి 2021లో ఆ పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. నిజాయితీ మీద పరిశోధనలోనే లెక్కలు వండేశారన్నమాట. మా మూడో వరస కుర్రాడి చీటీ వాళ్లకీ అవసరమైనట్టే ఉంది.

న్యాయం మీద నమ్మకానికి ఒక చీకటి కోణం ఉంది, దాని గురించి వక్తలు మాట్లాడరు. ఆ నమ్మకం గురించి మొట్టమొదట లోతుగా తవ్విన మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని 1980లో తన పుస్తకం పేరులోనే 'భ్రమ' అన్నాడు. 1966లో ఆయనా, సహచరురాలూ కలిసి ప్రచురించిన ప్రయోగంలో, తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు తింటున్నట్టు నటించే ఒక అమ్మాయిని విద్యార్థినులకు చూపించారు. ఆమెకు సాయపడే దారి లేదని తెలిశాక చూసేవాళ్లు జాలిపడాలి కదా? వాళ్లు ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగా ఉందన్న నమ్మకం నిలబడాలంటే, దెబ్బతిన్నవాడిలో తప్పు వెతకక తప్పదు. ఈ మాట మనకి లెర్నర్ చెప్పాలా? 'ఎవరు చేసుకున్న కర్మ వాళ్లది' అని అరుగు మీద కూర్చుని ఎన్ని తరాలుగా అంటున్నాం!

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చినప్పుడు ఇదే చూశాం. ఒకమ్మాయికి తెలుగులో సున్నా. తెలుగులో సున్నా రావడానికి కూడా ప్రతిభ కావాలి కదా అని ఎవరికీ తోచలేదు. 'ఏం రాసిందో ఏమో' అన్నారు. మళ్లీ చూస్తే అది 99. పేపర్ దిద్దినవారు 9, 9 దగ్గర నింపాల్సిన గళ్లు 0, 0 దగ్గర నింపేశారు. ఫెయిలైనవాళ్లు మూడు లక్షల పైచిలుకు. వాళ్లందరి పేపర్లూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ చూపిస్తే 1,137 మంది పాసయ్యారు. ఆ నెలన్నరలో కొన్ని ఇళ్లల్లో జరిగినదాని మీద వ్యంగ్యం రాయడం నా చేతకాదు, దాన్ని వదిలేస్తున్నాను. బతికున్న ఆ 1,137 మంది మాత్రం, పాసై కూడా అన్నాళ్లపాటు ఫెయిలైనవాళ్లుగా తిరిగారు. చుట్టాలిళ్లకి పోలేదు. 'చదివితే ఎందుకు పోతుంది?' అన్న మాట తిన్నారు. వాళ్లని కూర్చోబెట్టి లోకం మీద నమ్మకం ఉంచండి నాయనా అని చెప్పే ధైర్యం ఏ వక్తకుంది?

ఇక శిక్షల న్యాయం. 2023 ఏప్రిల్‌లో హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో పదో తరగతి హిందీ పరీక్ష జరుగుతుంటే, కిటికీ అవతలి నుంచి ఒకరు ఒక పిల్లాడి ప్రశ్నాపత్రం ఫొటో తీసుకున్నారు. అది వాట్సాప్‌లో ఊరేగింది. కిటికీ అలా ఉంచినవాళ్లు, గోడ అలా కట్టినవాళ్లు, కాపలా కాయాల్సినవాళ్లు అందరూ ఉండగా, ప్రశ్నాపత్రం ముందున్న పిల్లాణ్ని ఐదేళ్లు డిబార్ చేశారు. హైకోర్టు గడప తొక్కితే గానీ మిగతా పరీక్షలు రాయడం కుదరలేదు. పదో తరగతిలోనే రిట్ పిటిషన్ అంటే ఏమిటో నేర్చుకున్నాడు. మన విద్యావిధానం ఇంకెవరికీ ఇవ్వలేని అనుభవం.

పెద్దపిల్లల సంగతీ అంతే. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, బయోమెట్రిక్ సరిగ్గా తీసుకోలేదని కోర్టులో అదీ పోయింది. 2024 జూన్‌లో మూడోసారి రాశారు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఈ మూడు ప్రిలిమ్స్ మధ్య వయసు పెరిగిన కుర్రాళ్లని నేనెరుగుదును. ఒకడికి ఇంటి దగ్గర రెండు సంబంధాలు తప్పిపోయాయి. 'మీ కష్టానికి ఫలితం ఉంటుంది' అన్న పోస్టరు ఇంకా వాడి గది గోడకి ఉంది. తేమకి మధ్యలో ఉబ్బింది.

అదే 2024లో నీట్‌లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. టాపర్లు అంతమందైతే మిగతావాళ్లు నమ్మకాన్ని ఎక్కడ కూర్చోబెట్టుకోవాలి?

వ్యవస్థ దగ్గర దీనికంతటికీ ఉన్న మందు ఒక్కటే, పిల్లల్ని తడమడం. ఫుల్ హ్యాండ్స్ వద్దు, బూట్లు వద్దు, ముక్కుపుడక తియ్యి. ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసెయ్. అప్పుడు టీవీవాళ్లు గేటుబయట ఏడ్చే పిల్లని చూపిస్తారు. కర్ణాటకలోని హావేరిలో 2019లో ఒక కాలేజీ ఇంకో మెట్టెక్కింది. పక్కవాడి పేపర్ చూడకుండా పిల్లల తలలకి అట్టపెట్టెలు తొడిగి, ముందువైపు మాత్రం కన్నం పెట్టి పరీక్ష రాయించింది. ఆ ఫొటో చూసి దేశమంతా నవ్వింది. నేను మాత్రం వాళ్లని మెచ్చుకున్నాను. మిగతా అందరూ మనసులో తొడిగేదాన్ని వాళ్లు తలకి తొడిగారు, అంతే.

మొన్న, నన్ను సభకు పిలిచిన ఆ కాలేజీకి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. 'నమ్మకం' పీరియడ్ పెట్టి ఏడాదైంది, ఫలితం కొలుస్తున్నారట. ఈ నమ్మకాన్ని కొలవడానికి పరిశోధకులు వాడే చిన్న ప్రశ్నావళి ఒకటుంది, ఏడు వాక్యాలు, ఒక్కోదానికీ ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. వీళ్లు దాన్ని తెలుగు చేయించి పంచారు. అందరికంటే ముందు రేకుల షెడ్డు సెక్షనుకి. సెక్షన్ ఇన్‌ఛార్జి గారు బల్ల మీద చరిచి, "ఆలోచించకండి. అన్నిటికీ ఆరు పెట్టండి. అడ్మిషన్ల బ్రోచర్లోకి వెళ్తుంది ఇది. తక్కువ పెట్టినవాళ్లు సాయంత్రం నన్ను కలవండి" అన్నారు.

వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "సార్, ఇది మన గురించా, పై సెక్షను గురించా?" అని అడిగింది.

"నీకెందుకే, నువ్వు పెట్టు!"

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆరు పెట్టాల్సింది కుడిచివరనా, ఎడమచివరనా అని ఒకడికి అనుమానం వచ్చింది. అడిగితే తిడతారని, మెడ చాచి ముందు బెంచీవాడి కాగితంలోకి చూసి గళ్లు నింపుకున్నాడు. పక్కవాడు వీడిది చూశాడు. అటుపక్కవాడికి ఇద్దరూ కలిసి చూపించారు. ఇన్‌ఛార్జి గారు చూసి కూడా ఏమీ అనలేదు. నావైపు తిరిగి, "కూర్చోండి మాస్టారూ, టీ తెప్పిస్తాను" అన్నారు.