ఎద్దులకు ఖర్జూరం, చిన్నాయనకు షుగరు

మైదుకూరు నాలుగు రోడ్ల కాడ ఒక గంట నిలబడితే చాలు, ఎవరు ఏ పని చేసేవాళ్లో వాళ్ల చూపే చెప్తుంది. పసుపు వ్యాపారి ఎదుటివాని చేతిసంచి చూస్తాడు. అప్పిచ్చేవాడు కాళ్లకున్న చెప్పులు చూస్తాడు. బండలాగుడు ఎద్దుల్ని సాకేవాడు మాత్రం మనిషి మెడ చూస్తాడు, తర్వాత పిక్కలు చూస్తాడు, నోరు తెరిస్తే పళ్లు కూడా చూస్తాడు. మా చిన్నాయనది ఈ మూడో తెగ. సొంత కూతురి పెళ్లిచూపుల్లో పిల్లవాణ్ణి ఇంటి గడప నుంచి కుర్చీ దాకా నడిపించి చూసి, "పిల్లోడు మంచోడే, ఎడమకాలే ఒక రవ్వ ఈడుస్తాండాడు" అన్నాడు. పెళ్లివారు దాన్ని పరిహాసం అనుకుని నవ్వారు కాబట్టి సంబంధం నిలబడింది. వాళ్లు నవ్వినప్పుడు చిన్నాయన పళ్లు లెక్కపెట్టుకున్నాడని నాకు తెలుసు.

ఆ లెక్క ఆయన తప్పు కాదు, ఆటలోనే ఉంది. సంక్రాంతికీ, శివరాత్రికీ, ఉగాదికీ, ఊరి తిరుణాలకూ మా సీమలో జరిగే పోటీల్లో ఎద్దుల విభాగాలు పళ్లను బట్టే ఉంటాయి. పాలపళ్లవి ఒక జట్టు, రెండు పళ్లవి ఒకటి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన జూనియర్లు, సీనియర్లు. పశువుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. కిందిదవడలో ఉండే ఎనిమిదే దాని జాతకం. పాలపన్ను ఊడి పెద్దపన్ను వచ్చిందా లేదా అన్న ఒక్క విషయం మీద రెండు ఊళ్లు పొద్దుగుంకేదాకా వాదించుకుంటాయి. ఈ వాదనల్లో చిన్నాయన మాటే వేదం. ఎద్దు మూతి పట్టి, పెదవి కిందికి లాగి, ఒక్క చూపులో తేల్చేస్తాడు. ఆయన పళ్లు మాత్రం పోయిన ఏడాది ప్రొద్దుటూరులో కట్టించుకొచ్చినవి. ఈయన్ని ఏ విభాగంలో నిలబెట్టాలో కమిటీవాళ్లే చెప్పాలి.

మేత సంగతికొస్తే, ఆ ఇంట్లో ముందు ఎద్దులు తినాలి, తర్వాతే మనుషులు. రాత్రి నానేసిన ఉలవలు తెల్లారేసరికి ఉడకాలి. పత్తి గింజలు రుబ్బాలి. పైన బెల్లం, ఖర్జూరం, కోడిగుడ్లు. పండగనాడు పిల్లలు గుడ్డు దోసె అడిగితే చిన్నమ్మ కొట్టం వైపు చూసి, "మిగిలితే పోస్తాలే" అంటుంది. చిన్నాయనకు షుగరుంది. డాక్టరు తీపి మానేయమన్నాడు, రోజూ గంటసేపు నడవమన్నాడు. నడక ఎద్దులతో సరిపోయింది. తీపి మానడమే కుదరలేదు. ఎద్దులకు పెట్టే ప్రతి ఖర్జూరాన్నీ ముందు తాను కొరికి చూస్తాడు. "పుచ్చులుంటే పసురం కడుపు చెడదా" అంటాడు. ఇంత మనసున్న మనిషిని ఏమని తిట్టేది?

ఎద్దు పేడ కొంచెం పల్చబడితే బద్వేలు నుంచి పశువుల డాక్టరు రావాలి. కాడి ఒరిసి మెడ కందితే ఆముదమూ పసుపూ కలిపి పిల్లకు నలుగు పెట్టినట్టు గంటసేపు రుద్దుతాడు. దోమతెర ఎద్దులకు, ఫ్యాను ఎద్దులకు. కరెంటు పోతే చిన్నాయన తువ్వాలు తీసుకుని విసురుతాడు. అదే మనిషి మోకాలి నొప్పితో మూడు నెలలు కుంటి, "నాకేమైందబ్బా, లాగేది నేనా?" అన్నాడు.

కేసీ కాలువకు నీళ్లొస్తే చూడాలి ఆయన సంబరం. ఎద్దుకు ఈతను మించిన కసరత్తు లేదని ఆయన సిద్ధాంతం. గిట్టలు నొవ్వవు, ఊపిరి పెరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ కాలువ తవ్వించిన ఇంగ్లీషు కంపెనీ, పైరుకు నీళ్లతో పాటు పడవల రాకపోకలకూ పనికొస్తుందని ఆశపడింది. లాభం రాలేదు. చివరికి 1882లో సర్కారే దాన్ని కొనేసింది. ఇది చెబితే చిన్నాయన జాలిపడ్డాడు. "ఎద్దుకింతని టికెట్టు పెట్టింటే ఆ దొరలు బాగుపడేటోళ్లు కదప్పా!"

ఆయన ఎద్దులు ఒంగోలు జాతివి. ఈ జాతి వంశవృక్షం కదిపారా, ఆ పూట మీ పని అంతే. నా కొడుకు ఏ తరగతో ఆయనకు ఇప్పటికీ తెలియదు గానీ, కరవది ఊరి పేరుతో ఒక ఒంగోలు ఎద్దు బ్రెజిల్ పోయి అక్కడ సంతతిని నింపిన వైనం పొల్లుపోకుండా చెప్తాడు. అక్కడ ఈ పశువుల్ని నెల్లూరు పేరుతో పిలవడం ఆయనకు కొంచెం కష్టం. 2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆ జాతి ఆవుకు వేలంలో నలభై లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారని చదివి వినిపిస్తే, "అది మనకు సుట్టమే" అన్నాడు.

వంటింట్లోంచి చిన్నమ్మ అంది: "అంత దగ్గరి సుట్టమైతే ఒక లచ్చ బదులడుగు. ఉలవల అంగడాయప్ప పొద్దున్నే వచ్చి పోయినాడు."

అమెరికాలో ఉండే మా తమ్ముడు ఒకసారి ఫోనులో గుర్రాల పోటీ గురించి చెప్పాడు. కాలిఫోర్నియాలో టెవిస్ కప్పు అని 1955 నుంచి ఉందట. కొండదారుల్లో వంద మైళ్లు, ఇరవై నాలుగు గంటల్లో. దారిలో చాలాచోట్ల పశువైద్యులు ఆపి గుర్రం నాడి చూస్తారు, తేడా ఉంటే అక్కడే నిలిపేస్తారు. ముందుగా చేరిన పది గుర్రాల్లో అన్నిటికంటే దిట్టంగా ఉన్నదానికి హాగిన్ కప్పని వేరే బహుమతి. చిన్నాయన అంతా శ్రద్ధగా విని ఒకటే అడిగాడు: "మనిషి యాడుంటాడు?" గుర్రం మీదే అన్నాడు తమ్ముడు. "కూసోనా!" అని చిన్నాయన ఫోను నాకిచ్చేశాడు. తాను మట్టిలో పక్కన ఉరుకుతాడు మరి. టన్నుకు పైబడిన బండను ఎద్దులు లాగుతుంటే, ఆ కొసలో తిప్పి ఈ కొసకు, ఈ కొసలో తిప్పి ఆ కొసకు, విజిల్ పడేదాకా. తిప్పేచోట పోయే క్షణాలే గెలుపోటములు తేలుస్తాయి. ఆ కాసేపూ ఆయన మోకాలికి నొప్పి ఉన్నట్టు గుర్తుండదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన నాటికే ఆయన ముల్లుకట్టె అటకెక్కి ఉంది. ఆయన కొట్టడు, అరుస్తాడు. పది నిమిషాలైనా ఇరవై నిమిషాలైనా అదే గొంతు, మైకులో చెప్పేవాడు కూడా ఆగిపోవాల్సిందే. పోటీ అయ్యాక నాలుగు రోజులు ఆ గొంతు పలకదు. ఆ నాలుగు రోజుల కోసమే చిన్నమ్మ ప్రతి తిరుణాలకూ టెంకాయ కొడుతుంది.

గెలుస్తాడా అంటే, అప్పుడప్పుడూ. మొదటి బహుమతి వస్తే ఆ డబ్బు తోలినవాళ్ల భోజనాలకూ, లారీ బాడుగకూ సరిపోతుంది. రాకపోతే కారణాలు వస్తాయి: చీటీలో మన వంతు మిట్టమధ్యాహ్నం పడింది, నేల మెత్తగా ఉంది, ఎవరో దిష్టి పెట్టారు. ఎద్దుల తప్పు ఇంతవరకూ ఒక్కసారీ లేదు. ఓడి వచ్చిన రాత్రి వాటికి రెండు గుప్పిళ్లు ఖర్జూరం ఎక్కువ పెడతాడు, మనసు కష్టపెట్టుకుంటాయని.

నవ్వుతాను గానీ ఈ తెగులు రక్తంలోదే. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు మెట్లెక్కి వస్తుంటే, వీడికి మెడ బలముంది, పని లాగుతాడు అనుకున్నాను.

నీ మీద రాస్తున్నానని చెప్తే చిన్నాయన అడ్డుచెప్పలేదు. తన గురించి ఏం రాశానని అడగనూ లేదు. ఒక్కటే షరతు: "నా ఫోటో వద్దు. ఎద్దలది ఎయ్యి. ఎలపటిది ముందుకు రావల్ల, దాపటిది మొన్నట్నుంచి రవ్వ చిక్కింది."