కాయితం బాబాయి

మా కాలనీలో కాయితం బాబాయి ఇల్లు అంటే ఆటోవాడు కూడా తిన్నగా తీసుకొచ్చి గుమ్మంలో దింపుతాడు. అర్జీలూ ఫిర్యాదులూ రాసే మనిషనుకునేరు, కాదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ కాయితం ముక్క ఉంటుంది. మామూలు జిరాక్సు కాయితమే. కర్ర కోసే బ్యాండ్ సాలో, రెండు చక్రాల మీద తిరిగే బ్లేడుకి అటూ ఇటూ ఉండే గైడ్లు బ్లేడుని అంటకూడదు, అలాగని దూరంగానూ ఉండకూడదు. మధ్యలో ఆ కాయితం పట్టేంత సందుండాలి. సందు ఎక్కువైతే బ్లేడు పక్కకి ఒరుగుతుంది, తక్కువైతే రాసుకుని కాగిపోతుంది. ఇది నిజం. కాయితం మందం మిల్లీమీటరులో ఇంచుమించు పదో వంతన్నదీ నిజం. బాబాయి చెప్పేవన్నీ నిజాలే, చిక్కంతా అక్కడే ఉంది. అబద్ధాలాడేవాణ్ణయితే ఎక్కడో ఒకచోట ఆపొచ్చు.

ఈ జాతివాళ్ళు మీకూ తగిలే ఉంటారు. ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా మైక్రోమీటరు పట్టుకుని గడిపి, రిటైరయ్యాక చేతులు ఊరుకోక, గ్రాట్యుటీలో కొంత తీసి ఇంటి వెనక రేకుల షెడ్డు వేస్తారు. అందులోకి ముందు బల్ల వస్తుంది, తర్వాత వైసు, ఆపైన ఓ దశమి నాడు 14 అంగుళాల బ్యాండ్ సా దిగుతుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. (14 అంగుళాలంటే చక్రం వ్యాసం. ‘పధ్నాలుగు అంగుళాల దుంగ పడుతుందన్నమాట’ అని ఎవరైనా అంటే బాబాయి కుర్చీ చూపిస్తాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి పిన్ని మధ్యాహ్నం భోజనం కూడా పెట్టాల్సి వస్తుంది.) డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఈ జాతికి శాఖలున్నాయి. అక్కడ గరాజులో బ్యాండ్ సా నీడన ఉంటుంది, కారు బయట ఎండన పడి ఉంటుంది.

ఇంతకీ ఆ మిషనుతో ఏం కోశారని అడక్కండి. కోయడానికి ముందు చెయ్యాల్సినవి ఉన్నాయి.

పొద్దున్నే కాఫీ తాగి బాబాయి షెడ్డులోకి వెళ్తాడు. ప్లగ్గు పీకి, దాని పిన్నులు కళ్ళెదుట కనపడేలా బల్ల మీద పెట్టుకుంటే గాని మిషను తలుపు తెరవడు. గైడ్లన్నీ వెనక్కి జరుపుతాడు. బ్లేడుని రెండు చక్రాల మీదా ఎక్కించి బిగిస్తాడు. పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ, దాని వెనకున్న మరని వెంట్రుకవాసి అటూ ఇటూ మెలిపెడుతూ, బ్లేడు చక్రం మీద ఒక్కచోటే నిలకడగా నడిచేదాకా చూస్తాడు. అది కుదిరాకే గైడ్లు దగ్గరికి తేవాలి. గైడు అంచు పళ్ళ వెనకే ఆగాలి, పళ్ళకి తగిలితే వాటి పదును పోతుంది. ఇక బ్లేడు వెనకుండే బేరింగు, కర్ర నెట్టినప్పుడు మాత్రమే బ్లేడుకి ఆనాలి. ఊరికే తిరుగుతోందంటే సర్దుబాటు తప్పినట్టే. ఆ తర్వాత మూలమట్టం పెట్టి బల్ల బ్లేడుకి నిటారుగా ఉందో లేదో చూస్తాడు. ఇదంతా ఒక వరసలో జరగాలి, జరుగుతుంది కూడా. జరిగేసరికి కుక్కరు నాలుగో కూత వేస్తుంది. బాబాయి బయటికొచ్చి చేతులు కడుక్కుంటాడు.

బ్లేడు బిగింపు దగ్గర ఆయన మిషను మీదున్న ముల్లుని నమ్మడు. ఆ ముల్లు చూపించేది స్ప్రింగు ఎంత నలిగిందో మాత్రమేనట. నమ్మకపోవడం న్యాయమే, చాలా మిషన్లలో అది అలంకారం. వేలితో పక్కకి నొక్కి చూస్తాడు. తృప్తి కలగక వేలితో మీటి, చెవి ఒగ్గి వింటాడు. పక్కింటి అమ్మాయి వీణ నేర్చుకుంటోందని తెలిసి ఒకరోజు గోడ మీంచి పిలిచాడు.

‘ఇది ఏ శ్రుతో కాస్త చూసి చెప్పమ్మా.’

ఆ పిల్ల పెద్దలంటే గౌరవం ఉన్నది. శ్రద్ధగా విని, ‘ఇది శ్రుతి కాదంకుల్, రేకు చప్పుడు’ అంది. బాబాయి ఆ మాట నోట్‌బుక్కులో తేదీ వేసి రాసుకున్నాడు.

పని అయిపోయాక బిగింపు సడలించాలి. లేకపోతే చక్రాలకున్న రబ్బరు పట్టీ ఒకచోట అణిగిపోతుంది, స్ప్రింగు అలసిపోతుంది. అందుకని రాత్రి పదకొండింటికి టార్చిలైటు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి సడలించాడో లేదో చూసి వస్తాడు. తన బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో చూడాల్సింది పిన్ని.

ఇక అదురు పరీక్ష. మిషను ఆన్ చేసి, ఇనప బల్ల మీద అయిదు రూపాయల నాణేన్ని అంచు మీద నిలబెడతాడు. నాణెం పడకపోతే మిషను నిమ్మళంగా తిరుగుతున్నట్టు. దీనికి పాత మందపాటి నాణెమే కావాలి, కొత్తవి పలచన, గాలికే పడిపోతాయి. మా వీధి కిరాణా కొట్టులో బాబాయి పాత అయిదు రూపాయల బిళ్ళలు ఏరుకుంటూ ఉంటే, వాటిలో బంగారం కలిసిందని పుకారు పుట్టింది. నాణెం నిలబడ్డ రోజున ఆయన ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తాడు. కూతురు కూడా ఫోన్లో వీడియో పెట్టించుకుని చూసి, ‘బావుంది నాన్నా, దానితో ఏమైనా చేశారా?’ అంది. ఆ ప్రశ్న పిన్ని నేర్పింది.

షెడ్డులోకి అడుగుపెట్టే నియమాలు పిన్ని అత్తగారి మడిని మించినవి. లుంగీ పనికిరాదు, పొడుగు చేతుల చొక్కా పనికిరాదు, గొలుసూ ఉంగరమూ వాచీ గుమ్మం బయటే. కళ్ళద్దాలు తప్పనిసరి. అన్నవరంలో కట్టించుకున్న ఎర్రతాడు పిన్ని మణికట్టుకి వేలాడుతుంటే ఆయన దాన్నీ విప్పించాడు. ‘దేవుడి తాడు విప్పిస్తారా!’ అని పిన్ని గోల పెట్టింది. ‘దేవుడు క్షమిస్తాడు, బ్లేడు క్షమించదు’ అన్నాడు బాబాయి. ఆ తాడు ఇప్పుడు షెడ్డు తలుపు గడియకి కట్టి ఉంది. ఏసీ బాగుచేయడానికొచ్చిన కుర్రాడు ఆయన మీద జాలిపడి చేతొడుగులు తీసివ్వబోతే, ఒక గంట పాఠం విన్నాడు. తిరిగే బ్లేడు ఒట్టి చేతిని కోస్తుంది, తొడుక్కున్న చేతినైతే లోపలికి లాక్కుపోతుంది. వేలు ఎప్పుడూ బ్లేడు గీతకి ఎదురుగా కాక పక్కగా ఉండాలి, చివరి రెండంగుళాలూ కర్రపుల్లతో నెట్టాలి. గుండ్రటి కొయ్యని ఊరికే పట్టుకుని కోస్తే గిర్రున తిరిగి చేతిని ఈడుస్తుంది కాబట్టి దాని కింద గాడి పీట పెట్టాలి. స్విచ్చి ఆపినా చక్రాలు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. కుర్రాడు ఏసీ సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు.

‘నా పది వేళ్ళూ చూడు’ అంటాడు బాబాయి గర్వంగా. ‘పది వేళ్ళుండీ ఒక్క పీటైనా చేశారా?’ అంటుంది పిన్ని వంటింట్లోంచి.

టేకు పలకలు వేసి వెళ్ళడానికి టింబరు డిపో మేస్త్రి వచ్చాడొకసారి. బాబాయి ఆశగా మిషను చూపించాడు. మేస్త్రి బ్లేడు వంక ఓసారి చూసి, ఓసారి విని, ‘బానే ఉందండి, కోసెయ్యండి’ అన్నాడు. బాబాయి మొహం మాడిపోయింది. ఇలాంటి చోట మేస్త్రిని హీరోని చేసి బాబాయిని నవ్వులపాలు చెయ్యడం రచయితలకి తేలిక. కానీ నేను ఆ డిపోకి వెళ్ళి చూశాను. పై గైడు కర్రకి పావు అంగుళం పైన ఆగాల్సింది, అక్కడ ఆకాశంలో ఉంటుంది. జానెడు బ్లేడు బోసిగా పరుగెడుతుంటుంది. మేస్త్రి ఎడమ చూపుడువేలు సగమే ఉంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు కాయితానికే.

ఈ మిషను పుట్టుపూర్వోత్తరాలు కూడా బాబాయి దగ్గర వినాల్సిందే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో న్యూబెరీ అనే ఆయన పేటెంటు పుచ్చుకున్నాడు గాని, బ్లేడు రెండు కొసలూ కలిపిన అతుకు నిలవక ఆ మిషను ముందుకు సాగలేదు. ఫ్రాన్సులో క్రెపాన్ అనే ఆవిడ అతుకు నిలిచే పద్ధతి కనిపెట్టి 1846లో పేటెంటు తీసుకుంది. దాని హక్కు ప్యారిస్ కంపెనీ ఒకటి కొనుక్కున్నాక గాని బ్యాండ్ సా లోకం మీద పడలేదు. ‘అంటే ఆడమనిషి చెయ్యి పెడితే గాని పని జరగలేదన్నమాట’ అంది పిన్ని. బాబాయి ఆ చరిత్ర ఆవిడ ముందు మళ్ళీ ఎత్తలేదు.

ఆయన వైభవం అంతా చూడాలంటే బ్లేడు మార్చే రోజున వెళ్ళాలి. కిందటి దసరా ముందు వియ్యంకుడుగారు వచ్చారు. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ పంచె, జరీ కండువా. కాఫీ రాకముందే బాబాయి ఆయన్ని షెడ్డు దాకా నడిపించాడు.

‘బావగారూ, కండువా ఇలా ఇవ్వండి. ఈ తోలు తొడుగులు వేసుకోండి.’

‘చేతొడుగు వేసుకుంటే చెయ్యి లాక్కుపోతుందని కిందటిసారి అన్నారు కదండీ?’

‘అది మిషను తిరిగేటప్పుడు బావగారూ. బ్లేడు మడిచేటప్పుడు, విప్పేటప్పుడు ఉండాలి.’

దాదాపు 8 అడుగుల బ్లేడు మూడు చుట్టలుగా మడిచి, తీగతో కట్టి వస్తుంది. బాబాయి తీగ తెంపాడు. బ్లేడు ఒక్క ఊపున విచ్చుకుని షెడ్డంతా ఆక్రమించింది. వియ్యంకుడుగారు వెనక్కి వెనక్కి వెళ్ళి వార్నిషు డబ్బా మీద కూర్చున్నారు. మూత సరిగ్గా లేదు. పంచె సంగతి తర్వాత చాలాకాలం రెండు కుటుంబాల్లోనూ మాట్లాడుకున్నారు.

పాత బ్లేడుని తిరిగి మూడు చుట్టలుగా మడవాలి. కింద కాలితో తొక్కి, పైన రెండు చేతులా పట్టుకుని, లోపలికి మెలితిప్పుతూ దించితే దానంతటది మూడు చుట్టలవుతుందని బాబాయి వీడియోల్లో చూశాడు. ఆయన తిప్పితే ఎనిమిది అంకె అవుతోంది. ఇంకోసారి తిప్పితే ఎనిమిది అంకె అడ్డంగా పడుకుంటోంది. ‘ఇటివ్వండి బావగారూ, పక్కన పెడతాను’ అని వియ్యంకుడుగారు విసుగ్గా అందుకోబోతే అది టపుక్కున మూడు చుట్టలైపోయి ఆయన చేతిలో ఒదిగింది.

‘ఎలా చేశారు?’ అన్నాడు బాబాయి గొంతు తగ్గించి.

‘నేనేం చెయ్యలేదండీ. పక్కన పెడదామని...’

బాబాయి దాన్ని విప్పేశాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. వియ్యంకుడుగారికి రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. పోయేముందు ఆయన కొత్త బ్లేడు వైపు చూసి, ‘నాకు తెలియక అడుగుతాను, పళ్ళు పైకి చూస్తున్నాయేమిటి?’ అన్నారు. పళ్ళు బల్ల వైపు, కిందికి చూడాలి. బ్లేడు లోపలి వైపు బయటికి తిరిగి ఉంది. విప్పి, తిరగేసి, మళ్ళీ మొదటి నుంచి.

బ్లేడంటే ఒకటే కాదు మరి. తిన్నగా చీల్చడానికి వెడల్పుది, వంపులు తిప్పడానికి సన్నది. మందపాటి కర్రకి అంగుళానికి మూడు నాలుగు పళ్ళుంటే చాలు, పలచటి చెక్కకి ఎక్కువ కావాలి. ఏ క్షణంలోనైనా కనీసం మూడు పళ్ళు కర్రలో ఉండాలి. ఇవన్నీ బాబాయి షెడ్డు గోడకి పట్టిక వేసి తగిలించాడు. క్యాలెండరు తీసేసి ఆ మేకుకే తగిలించాడు. పిన్ని తిథులు చూసుకోవడానికి పక్కింటికి వెళ్తుంది.

ఇంతకీ మిషను కొన్నది మనవరాలి బొమ్మల కొలువుకి అయిదు మెట్లు చెయ్యడానికి. మొదటి ఏడు కర్ర ఆరలేదన్నాడు. మరుసటి ఏడు బ్లేడు తిన్నగా పోకుండా ఓ పక్కకి లాగుతోందన్నాడు. పలక మీద గీత గీసి, పలకని ఆనించి నెట్టే కంచె లేకుండా చేత్తోనే ఆ గీత వెంట కోసి, సగంలో ఆపి, పలక ఏ వాలున నిలిచిందో చూసి కంచెని ఆ వాలుకే బిగించాలి. అది చేసేసరికి నవమి వెళ్ళిపోయింది.

ఈ ఏడు మాత్రం కోశాడు. నేనున్నాను అక్కడ. రెండంగుళాల టేకు పలకని నిలువునా చీల్చి, వర్నియరు పెట్టి ఆ కొసా ఈ కొసా కొలిచి చూపించాడు. రెండు చోట్లా ఒకటే అంకె. రంపపు గీత కనపడనంత నున్నగా వచ్చింది. డిపోలో ఎవరూ అలా కొయ్యలేరు. పిన్ని కూడా వేలితో రాసి చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమంటే మెచ్చుకోలే. ఆ ఉత్సాహంలో నోరు జారి, ‘పక్క చెక్కలకి కాస్త వంపు తిప్పితే ఇంకా బావుంటుంది’ అంది.

బాబాయి కళ్ళు మెరిశాయి. మిషనుకున్నది ముప్పావు అంగుళం బ్లేడు, అంత వంపు తిరగదు. పావు అంగుళంది వెయ్యాలి. స్విచ్చి ఆపాడు, చక్రాలు నిలిచాక ప్లగ్గు పీకి పిన్నులు కనపడేలా బల్ల మీద పెట్టాడు, గైడ్లు వెనక్కి జరిపాడు.

‘పాడ్యమి ఎప్పుడు?’ అన్నాడు.

‘రేపు’ అంది పిన్ని. లోపలికెళ్ళి అటక మీంచి అట్టపెట్టెలు దింపించి, ఒకదాని మీద ఒకటి అయిదు వరసలు పేర్చింది. బాబాయి వచ్చి మూలమట్టం పెట్టి, మూడో మెట్టు ఎడమవైపుకి మూడు మిల్లీమీటర్లు వాలిందన్నాడు. పిన్ని దాని మీద పట్టుచీర పరిచేసింది.