ఇగ్వానా కార్డుకు సాక్చి వ్యాఖ్య

మూలం: ఇగ్వానా శాకాహారి. ఏ ఆకుకూరైనా పెట్టవచ్చు. సంరక్షణ అతి సులభం.

అవతారిక. జంషెడ్‌పూర్‌లో సాక్చి బజారు వైపు ఒక దుకాణంలో గాజుపెట్టె కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చే కార్డు మీది మూడు వాక్యాలివి. హిందీలో ఉన్నవాటిని తెలుగు చేసి పైన పెట్టాను. లామినేషన్ చేయించిన కార్డు. నెత్తిమీద 'జీవదయ' అని బంగారు అక్షరాలు, అడుగున తామరపువ్వు. రాసినవారి పేరు మాత్రం ఎక్కడా లేదు. వేదాలకూ లేదు కదా, ఇదీ అపౌరుషేయమనే అనుకోవాలి.

వ్యాఖ్యానానికి పూనుకున్నవాడు ముందుగా మల్లినాథసూరికి దణ్ణం పెట్టాలి. మెదకు సీమ కొలిచాల ఇంటిపేరుగా గల ఆ మహానుభావుడు కాళిదాసు కావ్యాలు మూడింటికీ 'సంజీవని' అన్న పేరుతో వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టేసుకున్నాడు. నేను ఆ ఒట్టు వేసుకోలేను. ఈ మూలంలో ఉన్నంతే చెబితే నా పని చిటికెలో అయిపోతుంది, ఇగ్వానా పని ఏడాదిలో అయిపోతుంది.

మల్లినాథుడి తరవాత అన్నంభట్టు. తర్కసంగ్రహం రాసిన ఆయనా మనవాడే. దేనికైనా లక్షణం చెప్పేటప్పుడు మూడు దోషాలు రాకూడదంటుంది ఆ శాస్త్రం. ఆవంటే కపిలవర్ణం గలది అన్నామనుకోండి, తెల్లావు బయటే ఉండిపోతుంది: అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె వచ్చి లోపల నిలబడుతుంది: అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది ఆవు అంటే ముల్లోకాలు వెతికినా దొరకదు: అసంభవం. మూడు వాక్యాల్లో ఈ మూడు దోషాలనూ వరస తప్పకుండా సాధించిన గ్రంథం నేనెరిగినంతలో ఈ కార్డొక్కటే.

మొదటి వాక్యం. 'ఇగ్వానా శాకాహారి.' నిజమే. మన గోడమీది బల్లి, కంచెమీది తొండ, పొలంగట్టు ఉడుము అన్నీ పురుగూ పుట్రా తినేవి. మన దేశంలో ఆకు మేసే బల్లిజాతికి పెట్టింది పేరు థార్ ఎడారి సాండా. చట్టం దాన్ని ముట్టుకోవద్దంటున్నా దాని పేరు చెప్పి ఫుట్‌పాత్‌ల మీద నూనెసీసాలు అమ్ముతూనే ఉంటారు. ఇగ్వానాది మధ్య, దక్షిణ అమెరికాల అడవి. కొమ్మమీద ఎండకు పడుకుని ఆకులు నములుతుంది. కానీ ఆకు నమిలినంత మాత్రాన అరగదు. దాని పెద్దపేగులో సూక్ష్మజీవులుండి ఆకును పులియబెట్టాలి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆ సంపద ఉండదు; పెద్దవాటి పెంట తిని సంపాదించుకుంటుందని 1982లో కాథరిన్ ట్రోయర్ 'సైన్స్' పత్రికలో చూపించింది. గురుముఖతః అనలేం గానీ, పరంపర పరంపరే.

పులియడానికి వేడి కావాలి. పగలు పెట్టెలో 26 నుంచి 29 డిగ్రీలు, ఎండ కాచుకునే మూల ఇంకా పైన, 35 దాకా. అంత లేకపోతే తిన్న ఆకు కడుపులోనే మురుగుతుంది. జనవరిలో సాక్చి తెల్లవారుజాము పది డిగ్రీలకు దిగుతుంది. మనం స్వెటరు మీద శాలువా కప్పుకుని టీ కొట్టు వెతుక్కుంటాం. ఒంట్లో సొంత వేడి పుట్టని జీవికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో 'శాకాహారి' అన్న మాటలో రాదు. ఇది అవ్యాప్తి.

రెండో వాక్యం. 'ఏ ఆకుకూరైనా.' ఈ 'ఏ'కారం మీదే నా కోపమంతా.

మా మేనల్లుడు కార్డును అక్షరాలా నమ్మాడు. వంటింట్లో పాలకూర ఉంటే పాలకూర, క్యాబేజీ ఉంటే క్యాబేజీ, ఏదీ లేకపోతే అరటిపండు. పాలకూరలో కాల్షియం లేదా అంటే ఉంది. దాంతోపాటే ఆక్సలేట్లు బోలెడున్నాయి; అవి కాల్షియాన్ని పట్టి బిగిస్తాయి. జీతం స్లిప్పులో కనిపించి చేతికి రాని సొమ్ములాంటిదది. క్యాబేజీ రోజూ పెడితే థైరాయిడ్‌కు చేటు. అరటిపండులో కాల్షియం కన్నా భాస్వరం సుమారు నాలుగు రెట్లు. ఇగ్వానాకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు: భాస్వరం ఒక పాలైతే కాల్షియం రెండు పాళ్లు. ఆ లెక్క తప్పినప్పుడు, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి తోడడం మొదలుపెడుతుంది. ఖాళీ అయిన చోట నారలాంటి కణజాలం పెరుగుతుంది. అందుకే వెనక తొడలు గుండ్రంగా ఉబ్బుతాయి. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు, "తొడలు చూడు, పహిల్వానే!" అని. మురిసినవాళ్లలో దాన్ని పట్టుకుని ఫొటో దిగిన పెద్దమనుషులున్నారు.

ఆ తొడల సంగతి ఎక్కడ తేలిందో చెప్పేముందు బల్లిశాస్త్రం చెప్పుకోవాలి. అక్కరలేదని మల్లినాథుడు అంటాడు, నాకు కావాలి.

మన పంచాంగాల్లో రాజపూజ్య అవమానాలూ కందాయ ఫలాలూ అయ్యాక, వెనక పేజీల్లో బల్లిపాటు ఫలితాలుంటాయి. తల, నుదురు, ముక్కు, చెవి, భుజం, మోచేయి, మణికట్టు, గోళ్లు. మనిషి ఒంటిని ఇంత ఓపిగ్గా జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టినవాడు సర్వే శాఖలోనూ లేడు. మగవారికి ఒక పట్టిక, ఆడవారికి ఇంకొకటి. మగవారికి కుడి, ఆడవారికి ఎడమ మేలని సామాన్య సూత్రం, దానికి అపవాదాలు. పైనుంచి పడితే ఒక ఫలం, పాకి ఎక్కితే ఒక ఫలం. పడిందానికి శాంతి: తలస్నానం, దీపం. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు, వెండి బల్లులను తాకి వచ్చినవారికి ఏ దోషమూ అంటదు. తాకినవారిని తాకినా చాలునని మా వైపు వెసులుబాటు. ఆ బల్లులు పూర్వం గౌతమ మహర్షి శిష్యులట. తెచ్చిన నీటికుండలో బల్లి కనిపించినందుకు శాపం తిన్నారట. ఏ శాపకథలోనైనా ఇంత చిన్న నేరానికి ఇంత పెద్ద శిక్ష పడ్డవాళ్లను చూస్తే జాలేస్తుంది. కుండమీద మూత పెట్టని ఆశ్రమ నిర్వాహకుణ్ని ఎవరూ ఏమీ అనలేదు!

ఇంత శాస్త్రంలోనూ ఒక అధ్యాయం లేదు. బల్లి పడితే మనిషికేమవుతుందో అంగాంగం రాశారు. బల్లికేమవుతుందో ఎవరూ రాయలేదు.

ఈ లోటు మా చెల్లెలి ఇంట్లో బయటపడింది. ఇగ్వానా కర్టెన్ రాడ్డు మీంచి జారి, కింద కుర్చీలో కూర్చున్న మా చెల్లెలి అత్తగారి ఎడమ భుజం మీద పడి, అక్కణ్నుంచి నేలమీద పడింది. ఆవిడది శ్రీకాకుళం దగ్గరి పల్లె; సాక్చి వచ్చి ఒక జన్మ గడిచినా యాస చెక్కుచెదరలేదు. "ఓలమ్మా, ఏ పక్క పడిందిరా? పంచాంగం తే!" అన్నారు. ఎడమ, ఆడమనిషి, పైనుంచి పాటు: శుభమే. ఇల్లు తేలికపడింది. పట్టికలో ఇగ్వానా చెల్లుతుందా అని ఒక ధర్మసందేహం వచ్చింది. తోక ఉంది గనక చెల్లుతుందని తీర్మానమైంది. ఇంత విచారణ జరుగుతున్నంతసేపూ అది పడ్డచోటే ఉంది. ఒక వెనక కాలు ఎత్తడం లేదు. ముందు కాళ్ల వేళ్లు సన్నగా అదురుతున్నాయి. దాన్ని చేతిలోకి తీసుకుని దవడ కింద వేలు పెట్టి చూశాను. ఎముక తగలవలసిన చోట మెత్తగా వంగింది. దీన్ని పశువైద్యులు రబ్బరు దవడ అంటారు. అంత కాస్త ఎత్తునుంచి పడితే కాలు విరిగింది, ఎందుకంటే ఆ కాల్లో విరగడానికి తగినంత ఎముక కూడా మిగల్లేదు.

పూర్వపక్షం. 'ఎముకలకు బలం కావాలంటే ఉడికించిన గుడ్డు పెట్టండి, కుక్క బిస్కట్లు పెట్టండి.' ఇది పక్కవాటా ఆయన మతం. సిద్ధాంతం: వద్దు. ఆకులు తినే శరీరానికి జంతు మాంసకృత్తులు అదేపనిగా పెడితే మూత్రపిండాలు చెడతాయి, యూరిక్ ఆమ్లం కీళ్లలో చేరి గౌటు వస్తుంది. ఆదివారం చేపలపులుసు మనకు, దానికి కాదు.

ఇంతకీ ఏ ఆకు? సాక్చి కూరగాయల బజారులో పల్లెలనుంచి వచ్చిన ఆడవాళ్లు నేలమీద గోనెపట్టా పరిచి అమ్మే ముంగా సాగ్, అంటే మన మునగాకు. దాంట్లో భాస్వరానికి రెట్టింపు పైనే కాల్షియం. పెరట్లో మందార ఉంటే ఆకూ పువ్వూ రెండూ. ఆవాకు అప్పుడప్పుడు. పాలకూర ఎప్పుడైనా ఒకసారి. కార్డుమీద 'ఏ ఆకుకూరైనా' అన్నచోట 'మునగాకు' అని రాయడానికి సిరా ఎక్కువ కాదు, తక్కువే పట్టేది. కొమ్ములున్నవన్నీ ఆవులనుకున్నవాడికి పాలకూర, మునగాకు రెండూ పచ్చగానే కనిపిస్తాయి. అతివ్యాప్తి.

ఆకుతోనే అయిపోలేదు. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. దాన్ని చర్మం ఎండలోని అతినీలలోహిత కిరణాలతో, అదీ 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యవాటితో, తయారు చేసుకోవాలి. ఆ కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు. మయూరకవి సూర్యశతకం చెప్పి కుష్ఠు పోగొట్టుకున్నాడని ఐతిహ్యం. మూసిన అద్దం వెనక కూర్చుని చెప్పి ఉంటే ఏమయ్యేదో. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు స్వామి పాదాల మీద పడే కిరణాలకు కూడా తలుపులు తీసే ఉంచుతారు. మరి ఎండలో పెట్టలేని రోజుల్లో యూవీబీ ట్యూబు వెయ్యాలి. ఆ ట్యూబూ ఆరు నెలలనుంచి ఏడాదిలోపు ఆ కిరణాలివ్వడం మానేస్తుంది, వెలుతురు మాత్రం ఇస్తూనే ఉంటుంది. దుకాణంవాడు పెట్టెకు గాజుమూత అమ్మాడు, పైన మామూలు ఎల్‌ఈడీ బల్బు అమ్మాడు. రెంటికీ విడిగా డబ్బు తీసుకున్నాడు.

మూడో వాక్యం. 'సంరక్షణ అతి సులభం.' జానెడు పిల్లగా కొన్నది సరిగ్గా పెంచితే ఐదడుగులు దాటుతుంది, పదిహేనేళ్లు బతుకుతుంది. గాజుపెట్టె అడుగున్నర. ఇక వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1నుంచి అమల్లో ఉంది. వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్న ఇగ్వానాను ఇంట్లో ఉంచుకుంటే, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. ఈ ముక్క కార్డులో లేదు, బిల్లులో లేదు. అసలు బిల్లే లేదు. కుక్కకు సూది వేసే డాక్టరు దొరుకుతాడు, ఇగ్వానా అంటే "మొసలి పిల్లా?" అని అడుగుతాడు. పశువైద్య కళాశాల ఉన్నది రాంచీ కాంకేలో, నూట ముప్ఫై కిలోమీటర్ల దూరాన. దారిలో పెట్టె కుదుపులకు విరిగిన కాలు ఏమవుతుందో అన్నంభట్టు చెప్పలేదు. కాల్షియం, ట్యూబు, కట్టు, మునగాకు అన్నీ అమరితే ఎముక గట్టిపడుతుంది. వంగిన దవడ వంగినట్టే ఉంటుంది. అసంభవం.

కార్డు చివర ఒక ఫోన్ నంబరుంది. పూర్వ వ్యాఖ్యాతలెవరూ దీని జోలికి పోలేదు. నేను పోయాను. చాలాసార్లు స్విచ్చాఫ్. ఒకసారి ఎత్తాడు. కాలు విరిగిన సంగతి, దవడ సంగతి, పాలకూర సంగతి మొత్తం ఓపిగ్గా విన్నాడు.

"కొత్త స్టాకు దిగింది సార్," అన్నాడు. "ఈసారి ఎర్రవి. ఏదైనా తింటాయి."