ఉన్నది ఉన్నట్టుగా, మాకేమీ తెలియనట్టుగా

బ్యాంకు వేలంలో ఇల్లు కొంటే సగానికి సగం కలిసొస్తుందని యూట్యూబులో ఉపన్యాసాలు దంచేవాళ్లకి కొదవలేదు. చవకే, కాదనను. ఎందుకు చవకో మాత్రం ప్రకటన అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది: ఎక్కడున్నది అక్కడే, ఉన్నది ఉన్నట్టుగా, ఏమున్నా సరే అమ్ముతున్నాం, మాకు తెలిసినంతవరకు ఆస్తి మీద వేరే భారాల్లేవు, మిగతాది కొనేవారే విచారించుకోవాలి.

మాకు తెలిసినంతవరకట! ఇదే ఇంటి మీద అప్పిచ్చేనాడు ఆ బ్యాంకుకి తెలియనిదేముంది? ముప్పై ఏళ్ల ఈసీ తెమ్మంది. లింకు డాక్యుమెంట్లలో ఒకటి జిరాక్సయితే ఒరిజినల్ ఏదని నిలదీసింది. ప్యానెల్ లాయరు లీగల్ ఒపీనియన్ రాశాడు. వాల్యుయర్ టేపుతో గోడలు కొలిచి, వంటింటితో సహా ఫొటోలు తీసుకుని, మేడమీద వాటర్ ట్యాంకు దాకా ఎక్కి చూసి మరీ పోయాడు. ఇద్దరి ఫీజూ అప్పు తీసుకున్నవాడి నెత్తినే పడింది. అంత తెలివైన బ్యాంకుకి అమ్మే రోజున ఒక్కసారిగా మతిమరుపు!

ఇంటివాడి కథలో మాత్రం ఏ మతిమరుపూ ఉండదు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు, 15 రోజుల్లో జవాబిస్తారు. ఎవరు? నోటీసిచ్చిన బ్యాంకే! ఫిర్యాదీ, జడ్జీ, అమీనా ముగ్గురూ ఒక్కరే అయితే ఎంత సుఖమో చూడండి. గడువు తీరాక గుమ్మానికి కాగితం అంటించి, ఫొటో తీసి, పేపర్లో వేస్తారు. ఇల్లు బ్యాంకు స్వాధీనమైనట్టే. దీన్ని సింబాలిక్ పొజెషన్ అంటారు. లోపల కుక్కర్ కూతలు పెడుతూనే ఉంటుంది.

మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన అచ్చయ్యేదాకానే. 2016లో చట్టం సవరించారు, 2023లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పక్కింటివాళ్లు కాఫీ తాగుతూ ఆ ప్రకటన చదివే వేళకే హక్కు పోయి ఉంటుంది. రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కి (డీఆర్‌టీ) వెళ్లడానికి 45 రోజులుంటాయి గానీ, ఆ మాట గుమ్మం మీది కాగితం చూసి గుండె దడదడలాడేవాడికి ఎవరు చెప్పాలి?

ఇక కొన్నవాడి సంబరం. పాట పాడిన మర్నాటి పనిదినానికల్లా ధరలో పావు వంతు కట్టాలి. మిగిలిన ముప్పాతిక 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా సాగుతుంది. కట్టలేకపోతే ఆ పావు వంతూ గోవిందా! బ్యాంకు దాన్ని పూర్తిగా జప్తు చేసుకోవచ్చని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. వాయిదా తప్పినవాడికి నెలల తరబడి నోటీసులు, సొమ్ము మూటగట్టుకుని వచ్చినవాడికి రెండు వారాలు.

సరే, అంతా కట్టాడు. సేల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. వెళ్లి తలుపు కొడితే పాత యజమాని తీస్తాడు. ఖాళీ చేయించాలంటే బ్యాంకు అదే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. ఈలోగా అపార్ట్‌మెంట్ సంఘం మెయింటెనెన్స్ బకాయిల చిట్టా చేతిలో పెడుతుంది. పాత కరెంటు బకాయిలు కూడా, నిబంధనల్లో ఉంటే, కొన్నవాడి దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏమున్నా సరే అని ముందే చెప్పాంగా అని బ్యాంకు చేతులు దులుపుకుంటుంది. పాపం, అబద్ధం ఎక్కడాడింది?

కనుక బ్యాంకు మేనేజర్లకు ఒక్క మనవి. వేలం ప్రకటనతో పాటు, అప్పిచ్చిననాటి లీగల్ ఒపీనియన్‌నీ వాల్యుయేషన్ రిపోర్టునీ కూడా జతచేయండి. మీకు ఖర్చేమీ లేదు, ఆ ఫీజులు పాత యజమాని ఎప్పుడో కట్టేశాడు.